స్పేర్ సిలాసు గారు

సిలాసు గారి దృష్టిలో ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే లేనట్టే లెక్క. రెండుంటే ఉన్నట్టు. మూడుంటేనే ఆయనకి నిద్ర పడుతుంది.

ఫరీదాబాద్‌లో ఆయన మేనేజరుగా ఉన్న వర్క్‌షాపుకి ఒక పేరుంది, గేటు మీద బోర్డూ ఉంది. ఆ మాటకొస్తే బోర్డులు రెండున్నాయి, గాలికి ఒకటి ఊడిపడితే ఇంకోటి ఉండాలని. అయినా టీ కొట్టతను మొదలుకుని టెంపో డ్రైవర్ల దాకా అందరూ దాన్ని "స్పేర్ సాబ్ కా కార్ఖానా" అనే పిలుస్తారు.

అక్కడ తయారయ్యేవి కరెంటు కంట్రోల్ ప్యానెళ్లు. బీరువాల్లాంటి ఇనప పెట్టెలు, లోపల స్విచ్చులు, వాటికి హుకుం అందించే రిలేలు, బోలెడన్ని తీగలు. ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఏ పంపు ఎప్పుడు ఆగాలో చెప్పేవి అవే. ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. కొన్నవాడు రేపు ఇంకో మోటారు తెచ్చుకుంటే తగిలించుకోవడానికి ప్రతి ప్యానెల్లోనూ కొన్ని స్పేర్ కనెక్షన్లు వదులుతారు. ఎవరైనా వదిలేది కాస్త. సిలాసు గారు వదిలే చోటు చూస్తే మాత్రం, ఆ ప్యానెల్‌కి పెళ్లయి, పిల్లలు పుట్టి, అందరూ అందులోనే కాపురం పెడతారేమో అనిపిస్తుంది. "ఇంత ఖాళీ ఎందుకు సార్?" అని ఎవరైనా అడిగితే కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కటే ప్రశ్న వేస్తారు.

"మరి రేపో?"

దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

హాసిని ఆయన్ని మొదటిసారి చూసిన రోజున ఆయన రెండు చేతులకీ రెండు వాచీలున్నాయి. ఇంటర్వ్యూకని వచ్చిన పిల్ల, కుర్చీ అంచున కూర్చుని ఆ వాచీల వంకే చూస్తూ ఉండిపోయింది. రెండూ వేరువేరు టైములు చూపిస్తున్నాయి.

"ఏది కరెక్టండీ?" అని నోరు జారింది.

"అదే కదా గొడవ," అన్నారాయన చాలా గంభీరంగా. సొరుగు లాగి మూడో వాచీ తీశారు. "ఇట్టాంటప్పుడు దీన్ని అడగాల."

మూడో వాచీ ఆగిపోయి ఉంది.

హాసినిది కాకినాడ. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, సివిల్స్ రాద్దామని ఢిల్లీ వచ్చి, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మంచం మాత్రమే పట్టే గదిలో కూర్చుని ఏళ్ల తరబడి రాజ్యాంగం బట్టీ పట్టింది. రాయనిచ్చినన్నిసార్లూ రాసింది. పేరు ఎక్కడా రాలేదు. ఉత్త చేతులతో ఇంటికెళ్లడానికి మొహం చెల్లక ఉద్యోగాల వేటలో పడింది. ఏ అధికరణం అడిగినా గడగడా అప్పజెబుతుంది గానీ, రిలే అనేది ఎలా ఉంటుందో మరిచిపోయి చాలా కాలమైంది. ఆ సంగతి బయటపడకుండా చూడమని దేవుడికి మొక్కుకుని మరీ వచ్చింది.

దేవుడు విన్నట్టున్నాడు. సిలాసు గారు ఎలక్ట్రికల్ ప్రశ్న ఒక్కటి కూడా వెయ్యలేదు.

"పెన్నులెన్ని తెచ్చావమ్మాయ్?"

"ఒకటండి."

"ఒకటేనా! అది రాయకపోతే ఏం చేస్తావ్?"

హాసిని బిక్కమొహం వేసింది.

"సర్లే, రెండోది నా దగ్గరుంది. సోమవారం నుంచి వచ్చెయ్," అన్నారు సిలాసు గారు. ఇంటర్వ్యూ అయిపోయింది.

మధ్యాహ్నం ఆయన బల్ల మీద రెండు క్యారియర్లు కనబడేవి. ఒకటి ఆయనది, రెండోది స్పేర్. దార్లో ఒకటి ఒలికిపోతే పస్తుండాలా అని ఆయన వాదన. దార్లో ఏనాడూ ఏదీ ఒలకలేదు కాబట్టి రోజూ రెండో క్యారియర్ ఒక సమస్యై కూర్చునేది.

"అమ్మాయ్, దీన్ని పారేస్తే మా ఆవిడ నన్ను పారేస్తది. కాస్త ఆదుకో," అంటూ హాసిని ముందుకి జరిపేవారు. హాస్టల్ రాజ్మాతో నాలుక చచ్చిపోయిన పిల్ల, గోంగూర పచ్చడీ చేపల పులుసూ ఎదురుగా కనబడితే ఆదుకోకుండా ఎలా ఉంటుంది? ఆదుకుంది. రోజూ ఆదుకుంటూనే ఉంది.

ఆ పులుసు పెట్టే చెయ్యి ఆనందకుమారి గారిది. ఆవిడ ఒక పెద్దాసుపత్రిలో నర్సు. ఒక ఆదివారం హాసినిని భోజనానికి పిలిచి, తన వేళ్లకున్న రెండు పెళ్లి ఉంగరాలు చూపించింది.

"పెళ్లినాడు చర్చిలో ఉంగరం జారిపోతే ఎట్టా అని మీ సారు రెండు చేయించాడమ్మా. పాస్టరు గారు రెండూ చూసి, రెండో పెళ్లికూతురు ఎక్కడయ్యా అన్నాడు. మా నాన్న కుర్చీలోంచి లేచాడు!"

"అమ్మో! తర్వాతండీ?"

"తర్వాతేముంది, పాప పుట్టింది. అబిగెయిల్ కెరెన్ అని పేరు పెట్టాడు. అదేందయ్యా రెండు పేర్లంటే, స్కూల్లో ఇంకో అబిగెయిల్ ఉంటే అప్పుడు కెరెన్ వాడుకోవచ్చంట. మొన్న క్రిస్మస్ నాటికలో యోసేపు వేషానికి కూడా స్పేర్ పెట్టాడు. ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ స్టేజీ ఎక్కి ఒకే మరియమ్మకి చెరో చెయ్యీ పట్టుకున్నారు. సత్రం యజమాని వేషగాడు మాత్రం రాలేదు."

"అయ్యో, దానికి స్పేర్ లేడా?"

"దానికొక్కదానికే పెట్టలా," అన్నారు పక్కనుంచి సిలాసు గారు. ఆ బాధ ఆయన గొంతులో ఇంకా అలాగే ఉంది.

వర్క్‌షాపులో హాసిని చెయ్యాల్సిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. అక్కడ డ్రాయింగులు గీసే డిజైనరు అప్పటికే ఒకాయన ఉన్నాడు, వరంగల్ గోపీకృష్ణ. చెయ్యి తిరిగిన మనిషి. ఏ ప్యానెల్లో ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాలో అతను గీసిస్తే, దాన్ని చూసి వైర్‌మెన్లు కడతారు. హాసిని అదే ప్యానెల్‌కి ఇంకో డ్రాయింగు గీయాలి. స్పేర్ డ్రాయింగు.

"ఎందుకండీ? కంప్యూటర్లో ఉంది కదా?"

"కంప్యూటరు చెడిపోతే?"

"పెన్ డ్రైవ్‌లో కూడా పెడదామండి."

"అది పోతే?"

"కాగితం మీద ప్రింటు తీసి దాచుకుందాం."

"ఎలకలు కొడితే?" అన్నారు సిలాసు గారు, కేసు గెలిచిన వకీలులా.

పోనీ గోపీకృష్ణది చూసి దించేద్దామంటే అదీ కుదరదు. "చూసి గీస్తే అది నకలు. అందులో తప్పుంటే ఇందులోనూ ఉంటది. చూడకుండా గీస్తేనే స్పేర్," అనేవారు. సాయంత్రం రెండు డ్రాయింగులూ పక్కపక్కన పరిచి, తేడా ఎక్కడొచ్చిందో కనిపెట్టమనేవారు. మొదట్లో తేడాలు కాదు, పోలికలు వెతుక్కోవాల్సి వచ్చేది. గోపీకృష్ణ ఓపిగ్గా, "గిది గట్ల కాదు, గిట్ల," అని చెప్పేవాడు. రోజులు గడిచేకొద్దీ తేడాలు తగ్గాయి. ఇంత చదువూ చదివి చివరికి ఎలకల కోసం బొమ్మలు గీస్తున్నానని హాసిని హాస్టల్లో అందరికీ చెప్పుకుని నవ్వుకునేది.

ఆ మధ్య ఒక ఆసుపత్రి ప్యానెల్ వచ్చింది. కరెంటు పోగానే జనరేటర్ని దానంతట అదే లేపి, వార్డులకీ ఆపరేషన్ గదులకీ కరెంటు మళ్లించే ప్యానెల్ అది. డ్రాయింగు గీస్తూ హాసిని ఒక గీత దగ్గర ఆగింది.

"ఈ తీగ రోజంతా ఏ పనీ చెయ్యదు కదండీ?"

"చెయ్యదు."

"మరెందుకు?"

"మెయిన్ కరెంటు పోయింది, ఇక నువ్వు అందుకో అని జనరేటరు వైపు స్విచ్చికి చెప్పేది అదొక్కటే అమ్మాయ్. ఆ ఒక్క మాట చెప్పటానికే ఉంది. అందాకా ఊరికే ఉండటమే దాని పని."

సరిగ్గా ఆ రోజుల్లోనే అర్జున్ ఊడిపడ్డాడు.

వర్క్‌షాపు యజమాని వీరరాఘవులు గారు. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరై, ఈ వర్క్‌షాపు పెట్టి, సిలాసు గారికి అప్పజెప్పి, వసంత్ కుంజ్‌లో మొక్కలు పెంచుకుంటున్నారు. ఆయన కొడుకే అర్జున్. ఏదో మేనేజ్‌మెంటు కోర్సు చేసి వచ్చాడు. తెలుగు చెబితే అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం హిందీయే వస్తుంది.

"అంకుల్, స్పేర్ మత్లబ్ వేస్ట్," అని ప్రకటించాడు వచ్చిన రోజునే.

షాపులో టీ కప్పులు ఆగిపోయాయి. సిలాసు గారి ఎదుట అంత మాట అన్నవాడు అప్పటిదాకా పుట్టలేదు.

అర్జున్ పద్ధతి తేలికైనదే. నెల రోజులుగా ఎవరూ వాడని ప్రతి వస్తువుకీ ఎర్ర స్టిక్కరు అంటిస్తాడు. స్టిక్కరు పడ్డదల్లా శనివారం సాయంత్రం తుక్కు మూలకి పోవాలి. రెండో నిచ్చెనకి పడింది. రెండో కెటిలుకి పడింది. రెండో బోర్డుకి పడింది. ఆ ఊపులో గోడకున్న మంటలార్పే సిలిండరుకి కూడా పడింది.

"దాన్ని నెలనెలా వాడాలంటే నెలనెలా నిప్పంటించుకోవాలయ్యా," అన్నారు సిలాసు గారు మెత్తగా.

సగం షాపు తిరిగేసరికి అర్జున్ దగ్గర స్టిక్కర్లు అయిపోయాయి. వీధి చివరి స్టేషనరీ షాపు ఆ రోజు మూసేశారు. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు.

"ఇదిగో బాబూ," అని సిలాసు గారు సొరుగులోంచి కొత్త చుట్ట తీసిచ్చారు. "నువ్వు తెచ్చినవి చూడగానే అనుకున్నా, చాలవని. నిన్ననే ఒకటి స్పేర్ తెప్పించా."

మిగతా సగం షాపుకి ఆయన స్టిక్కర్లే అంటించాడు అర్జున్. ఆ వారం కరెంటు కొలిచే మీటరొకటి పట్టుకుని ప్యానెళ్లలోకి కూడా తల దూర్చి తిరిగాడు. శనివారం మూలకి చేరిన సామానంతా సోమవారానికి కాళ్లొచ్చినట్టు ఎక్కడివక్కడికి చేరుకునేది. ఎవరు చేరుస్తున్నారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు.

అలాంటి ఒక సోమవారం హాసిని వచ్చేసరికి ఆమె బల్ల మీద ఎర్ర స్టిక్కరుంది.

"దీదీ, పర్సనల్‌గా మత్ లేనా. సిర్ఫ్ టేబుల్," అన్నాడు అర్జున్ ఇబ్బందిగా. కానీ సంగతి బల్లది కాదు. ఒకే ప్యానెల్‌కి ఇద్దరు కూర్చుని రెండు డ్రాయింగులు గీయడం ఏ కోర్సులోనూ అతనికి చెప్పలేదు. వీరరాఘవులు గారు వచ్చి రెండు వైపులా విని, మధ్యేమార్గంగా తీర్పు చెప్పారు.

"ఆసుపత్రివాళ్లు వచ్చి ప్యానెల్ చూసి పాస్ చేస్తే, వాళ్ల మిగతా పనులూ మనకే వస్తాయి. అప్పుడు ఇద్దరు డిజైనర్లూ కావాలి. పాస్ కాకపోతే అర్జున్ చెప్పినట్టే చేద్దాం సిలాసూ. ఒక్కరు చాలు."

సిలాసు గారు సొరుగు లాగారు. స్టిక్కర్ల చుట్ట తీసి ఒకటి తన బల్లకి, ఇంకోటి తన చొక్కా జేబుకి అంటించుకున్నారు. "నేను సెలవు పెట్టినప్పుడు కూడా పనేం ఆగలా. నాకూ పడాల్సిందే," అని ఆ స్టిక్కరుతోనే టీ కొట్టుకి వెళ్లొచ్చారు.

హాసిని మనసు మాత్రం కుదుటపడలేదు. ఆయన గదిలోకి వెళ్లి నిలబడింది.

"నిజం చెప్పండి సార్. నేను స్పేరా?"

"అవునమ్మాయ్."

ఒక్క క్షణమైనా తడుముకోకుండా అనేశారాయన. కాదు కాదు అంటారని ఎదురుచూసిన పిల్ల బల్ల అంచు పట్టుకుంది. "మరి ఖాళీ ఉందని ప్రకటన ఇచ్చారు కదండీ?"

"ఖాళీ ఎక్కడుంది? స్పేర్ కోసమే ఇచ్చా."

ఇన్నేళ్లు చదివి, ఇంత దూరమొచ్చి, చివరికి ఈయన సొరుగులో మూడో వాచీనయ్యానా అనుకుంది హాసిని. ఆ మధ్యాహ్నం ఆకలి లేదంది. మర్నాడూ లేదంది. రెండో క్యారియర్ మొదటిసారి నిండుగా ఇంటికెళ్లింది. ఆనందకుమారి గారు మూత తీసి చూసి, "ఆ పిల్లని ఏమన్నావయ్యా?" అని నిలదీసింది. ఏమన్నారో సిలాసు గారికి నిజంగా తెలియదు. ఉన్నమాటే కదా అన్నారు.

ఇన్‌స్పెక్షన్ రోజు రానే వచ్చింది. ఆసుపత్రి తరఫున రాజీవ్ గారనే ఇంజనీరు వస్తున్నాడు. నవ్వడం తన డ్యూటీ కాదనుకునే మనిషి. ఆయన కారు గేటు దగ్గర ఆగుతుండగా గోపీకృష్ణ ఫోను చేశాడు. భార్యకి నొప్పులొచ్చాయి, ఆసుపత్రికి పోతున్నాడు, రాలేడు.

డ్రాయింగు వివరించేవాడే లేకుండా పోయాడని అర్జున్ మొహం పాలిపోయింది. "అంకుల్, అబ్ డ్రాయింగ్ కౌన్ సమ్‌ఝాయేగా?"

సిలాసు గారు అతని వంక వింతగా చూశారు. "హాసిని ఉంది కదయ్యా."

హాసిని ప్యానెల్ ముందుకెళ్లి నిలబడింది. మొదటి స్విచ్చి నుంచి మొదలుపెట్టింది. రాజీవ్ గారు వేసిన ప్రశ్నలకి జవాబులు ఒక్కొక్కటీ నోట్లోంచి అవే వచ్చేస్తుంటే ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆయన తలూపి, చివరికి అసలు పరీక్షకి వచ్చాడు. మెయిన్ కరెంటు ఆపమన్నాడు.

ఆపారు. షెడ్డు వెనక జనరేటరు గుర్రుమని లేచింది. ఇప్పుడు జనరేటరు వైపు స్విచ్చి పడి, పచ్చ దీపం వెలగాలి. వెలగలేదు. మళ్లీ ఆపి చూశారు. మళ్లీ వెలగలేదు.

"మా ఆపరేషన్ థియేటర్లో ఇలా జరిగితే?" అన్నాడు రాజీవ్ గారు చల్లగా. అర్జున్ డ్రాయింగు కాగితాలు తిరగేస్తున్నాడు, ఏ పేజీ కోసమో అతనికీ తెలియదు.

హాసిని కాగితాల వంక చూడలేదు. చూడకుండా గీసిన డ్రాయింగు కదా, కళ్లు మూసుకుంటే గీతలన్నీ కనబడుతున్నాయి. జనరేటరు లేచింది. అంటే లేవమన్న మాట అందింది. స్విచ్చి పడలేదు. అంటే అందుకోమన్న మాట అందలేదు. ఆ మాట చెప్పేది ఒక్కటే.

"ఊరికే ఉండే తీగ!" అంటూ ప్యానెల్ కింది తలుపు తెరిచి మోకాళ్ల మీద కూర్చుంది. సిలాసు గారు టార్చి అందించారు. వెలగలేదు. రెండో టార్చి అందించారు. ఆ వెలుగులో చూస్తే, తీగ ఉండాల్సిన చోట తీగ లేదు.

వైర్‌మన్ నసుగుతూ ముందుకొచ్చాడు. "ఉస్ పే లాల్ స్టిక్కర్ థా దీదీ. నికాల్ దియా."

ఎర్ర స్టిక్కరు చూసి పీకేశాడన్నమాట. అందరూ అర్జున్ వైపు తిరిగారు. "ఉస్‌మే కరెంట్ హీ నహీ థా!" అన్నాడు అర్జున్, ఏడుపుగొంతుతో. అందులో కరెంటే లేదని మీటరు పెట్టి కొలిచి మరీ అంటించాడు పాపం.

హాసిని చెప్పిన చోట వైర్‌మన్ కొత్త తీగ బిగించాడు. మెయిన్ ఆపారు. జనరేటరు లేచింది, స్విచ్చి టక్కున పడింది, పచ్చ దీపం వెలిగింది. ఇంకా రెండుసార్లు చూసుకుని రాజీవ్ గారు సంతకం పెట్టాడు. మిగతా పనుల సంగతి వచ్చే వారం మాట్లాడుకుందామని వెళుతూ వెళుతూ నవ్వాడు కూడా.

అప్పుడే గోపీకృష్ణ మళ్లీ ఫోను చేశాడు. సిలాసు గారు అందరికీ వినబడేలా స్పీకరు పెట్టారు.

"సార్, బిడ్డ పుట్టింది!"

"ఒక్కతేనా?" అన్నారు సిలాసు గారు. హాసిని ఫోను తన వైపు లాక్కుంది.

"మీ డ్రాయింగు పాసైందండి గోపీ గారూ!" అంది హాసిని ఉత్సాహంగా.

"నా డ్రాయింగా? గా ప్యానెల్ కట్టింది మీ డ్రాయింగు మీద కదమ్మా. నాలుగు నెలల సంది అన్నీ మీ గీతల మీదనే కడుతుండ్రు. నాదే స్పేర్. సార్ చెప్పలేదా?"

హాసిని వెనక్కి తిరిగింది. సిలాసు గారు ఉన్నట్టుండి మూడో వాచీకి కీ ఇచ్చే పనిలో పడ్డారు.

"మరి ఎలకలో సార్?"

"ఎలకలు నిజంగానే ఉన్నాయమ్మాయ్. నేను అబద్ధం చెప్పను."

"నాకేమీ రాదని మీకు ముందే తెలుసు."

"ఇంటర్వ్యూనాడు నా బల్ల మీద డ్రాయింగు తలకిందులుగా ఉంది. నువ్వు దాన్ని అట్టానే తదేకంగా చూసి, చాలా బాగుంది సార్ అన్నావు."

హాసిని సిగ్గుతో నవ్వేసింది. "అయితే నేర్చుకోమని చెప్పొచ్చు కదండీ?"

"అప్పటికే పరీక్షలు రాసీ రాసీ వచ్చినదానివి. మళ్లీ ఇంకోటి పెట్టటం ఎందుకని..." సిలాసు గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "స్పేర్ అంటే తప్పు పోయినా ఎవరూ ఏమనరు. ధైర్యంగా గీస్తావు కదా అని."

హాసినికి తను నవ్వుకున్న ఎలకలన్నీ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. "మరి ఆ రోజు నేను స్పేరా అంటే అవునన్నారేం? ఎంత బాధపడ్డానో తెలుసా?"

"ఎందుకు?" అన్నారాయన అయోమయంగా. "స్పేర్ అంటే మంచి మాటే కదమ్మాయ్?"

ఆయన మొహం చూస్తే ఆ మాట మనసులోంచే వచ్చిందని తెలిసిపోతోంది. ఆయన నిఘంటువులో అంతకంటే పెద్ద మెప్పు లేదు. హాసిని నవ్వుతూ కళ్లు తుడుచుకోబోతే రుమాలు అందించారు, రెండో కన్నుకి రెండోది.

అర్జున్ నెమ్మదిగా వెళ్లి హాసిని బల్ల మీది స్టిక్కరు గోటితో గీకి తీశాడు. ఆ తర్వాత మంటలార్పే సిలిండరు మీదిది తీశాడు. వచ్చి సిలాసు గారి ఎదుట నిలబడ్డాడు.

"అంకుల్, డాడీ కో క్యా బోలూ? దీదీ స్పేర్ హై యా నహీ?"

"కాదయ్యా. ఇక ఈ అమ్మాయి లేకపోతే షాపు నడవదు," అన్నారు సిలాసు గారు. అన్నాక ఆయన మొహంలో ఒక్కసారిగా కంగారు మొదలైంది. రెండు వాచీలూ చూసుకున్నారు. "అవునూ... మరి రేపో? ఈ అమ్మాయికి జ్వరమొస్తే? ఈమెకి స్పేర్ ఎవరూ లేరే! అమ్మాయ్, అర్జెంటుగా ఒక ప్రకటన రాయి."

అర్జున్ తల పట్టుకుని పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆనందకుమారి గారు పట్టుదలగా ఇంకా పంపుతూనే ఉన్న రెండో క్యారియర్‌ని ముందుకి లాక్కుని, హాసిని తన సంచిలోంచి పెన్ను తీసింది. అది రాయలేదు. రెండోది తీసి రాయడం మొదలుపెట్టింది.